పదిహేడో నంబరు సీసా

సృష్టి మొదలైన దగ్గర్నుంచి ఇప్పటిదాకా గాలిని కడిగి, ఆరబెట్టి, వరసగా బోర్లించిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ మా అమ్మమ్మ. చేపలకి ఓటు హక్కు ఇచ్చి చూడండి, ఆవిడ్ని ఏకగ్రీవంగా గెలిపిస్తాయి. ఆక్సిజన్ ప్రతి ఉదయం ముందు మా గుమ్మం దగ్గర ఆగి, ఆవిడకి నమస్కారం పెట్టి, ఆ తర్వాతే మిగతా జనం ముక్కుల్లోకి బయల్దేరుతుంది.

ఇందులో నిజమెంతో అబద్ధమెంతో చదివాక మీరే తేల్చుకోండి. నేను రసాయనశాస్త్రంలో రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష హాలు మెట్లు కూడా ఎక్కని మనవరాలిని. కాబట్టి దీంట్లో శాస్త్రం కనిపించిన చోటల్లా అది అమ్మమ్మది, కోతలు కనిపించిన చోటల్లా నావి.

అమ్మమ్మ నీళ్ళ పరీక్షల ఆఫీసులో సీసాలు కడిగేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే పని. చదువు నాలుగో తరగతితో ఆగింది. ఆఫీసులో మొదట ఊడవడానికే చేరింది. వారం తిరక్కుండానే అక్కడి ముసలి కెమిస్టు ఒకాయన ఆవిడ ఊడ్చిన గదిని చూసి, "నీకు మూలలు కనపడతాయమ్మా, ఇక్కడ మరెవరికీ కనపడవు" అని చేతిలో చీపురు లాక్కుని, సీసాలు తోమే బ్రష్షు పెట్టాడట. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆవిడ పేరు సీసాలమ్మ.

ఆ సీసాలు చూడటానికి ముద్దుగా ఉంటాయి. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, నెత్తిన గాజు బిరడా. ప్రతిదాని మెడ మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. అమ్మమ్మ ఒక్కో సీసాని నాలుగుసార్లు కడిగి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేది. గాజు మీద నీళ్ళు పలచటి పొరలా జారిపోతే సీసా శుభ్రం. ఎక్కడైనా చుక్కలు చుక్కలుగా నిలిస్తే మురికి, మళ్ళీ మొదట్నుంచీ. ఆ తర్వాత సీసాల పుస్తకంలో నంబరూ తేదీ వేసి, పక్కన సంతకం చేసేది. ఆ సంతకం లేకపోతే ఆ సీసాతో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. అంత పెద్ద ఆఫీసులో నాలుగో తరగతి సంతకానికి ఉన్న విలువ అది.

ఈ జబ్బు ఇంటికి కూడా వచ్చింది. మా నాన్న కొత్త అల్లుడిగా మొదటిసారి వచ్చినప్పుడు, తాగిన గ్లాసు తనే కడిగి పెట్టి అత్తగారి దగ్గర మార్కులు కొట్టేద్దామనుకున్నాడు. అమ్మమ్మ ఆ గ్లాసుని కిటికీకి ఎత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి, "పర్లేదు బాబూ, మెల్లిగా అలవాటవుతుంది" అందట. ఇరవై ఏళ్ళయింది. నాన్నకి ఇంకా అలవాటు కాలేదు. ఆ మాట మర్చిపోలేదు కూడా.

సీసా కడగడం సగం పనే. నింపడం మిగతా సగం. సీసాని నీళ్ళలో ముంచి, ఏటవాలుగా పట్టుకుని, గుడగుడమనకుండా నిదానంగా నింపాలి. నిండాక పైనుంచి పొర్లిపోవాలి. అప్పుడు బిరడా పెట్టాలి. లోపల ఆవగింజంత బుడగ కూడా ఉండకూడదు. బుడగ ఉన్న సీసా చెల్లదని ఆఫీసు గోడ మీద అట్టముక్క కట్టి మరీ రాశారు.

"బుడగుంటే ఏమవుతుంది?" అని చిన్నప్పుడు అడిగాను.

"చేప ఏం పీలుస్తుందే?"

"నీళ్ళు."

"నీ మొహం. నీళ్ళలో కరిగిన గాలి పీలుస్తుంది. ఆ గాలి ఎంతుందో చూడ్డానికే ఈ సీసా. అందులో బయటి గాలి దూరితే లెక్క పెరిగిపోదూ? బియ్యం తూచేటప్పుడు తక్కెట్లో నువ్వు కూడా ఎక్కి కూర్చున్నట్టు."

పరీక్షకి వాడే మందుల అసలు పేర్లు అమ్మమ్మకి తెలుసు. కానీ వాటికి తన పేర్లు తనకున్నాయి. లేత గులాబీ రంగులో ఉండేది గులాబీది. వేలికి అంటితే జర్రున జారేది జారుడుది. యాసిడ్ మంటది. గులాబీదీ జారుడుదీ వాగు ఒడ్డునే సీసాలో పోసి, బిరడా పెట్టి, తలకిందులుగా తిప్పుతారు. లోపల మడ్డి పుడుతుంది. నీళ్ళలో గాలి ఉంటే మడ్డి గోధుమరంగులో దిగుతుంది. గాలి లేకపోతే తెల్లగా దిగుతుంది. ఆ తర్వాత ఆఫీసులో మంటది పోసి మడ్డిని కరిగించి, రంగు తినేది అనే ఇంకో మందుని చుక్కచుక్కగా వేసి, ఎన్ని చుక్కలకి రంగు పోయిందో చూసి అంకె కడతారు. మంచి నీళ్ళకి ఏడో ఎనిమిదో వస్తుంది. నాలుగు దాటి కిందికి దిగితే చేపలు మూటాముల్లే సర్దుకుంటాయి. లోకంలో అందరికీ తెలుపంటే శుభ్రం. అమ్మమ్మకి మాత్రం సీసాలో తెలుపు కనపడితే ఆ పూట ముద్ద దిగేది కాదు.

మా వీధి వెనక ఒక వాగుంది. దాని ఎగువన పిండి ఫ్యాక్టరీ ఉంది. దుంపలు నూరి, కడిగి, తెల్లటి పిండి తీసి సంచులకెత్తుతారు. మా తాతయ్య అందులోనే సంచులు కుట్టే మిషను మీద పని చేసేవాడు. దుంపలు కడిగిన నీళ్ళు ఒక గొట్టంలోంచి వాగులోకి వచ్చేవి. మొదట్లో పుల్లటి వాసన. తర్వాత్తర్వాత వాగు నల్లబడి, కుళ్ళిన గుడ్ల కంపు మొదలైంది. మా వీధి తలుపుకి ఇత్తడి గడియ ఉంది. ఆదివారం అమ్మమ్మ దాన్ని తళతళలాడేలా తోమేది. బుధవారానికల్లా అది బొగ్గులా ఉండేది.

"వాగు ఊపిరి అది. నీళ్ళలోంచి లేచి గాల్లోకి వస్తోంది. ఇత్తడినే నల్లగా చేస్తుంటే మన లోపల ఏం చేస్తోందో" అనేది అమ్మమ్మ.

"లోపల ఇత్తడి లేదుగా" అనేవాడు తాతయ్య.

అమ్మమ్మ రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుండగా ఫ్యాక్టరీ వాళ్ళు రెండో గొట్టానికి దరఖాస్తు పెట్టారు. వాగు నీళ్ళు ఇంకో గొట్టాన్ని తట్టుకోగలవని ఆఫీసు ఒక కాగితం ఇవ్వాలి. సోమవారం నాడు కెమిస్టు వాగుకెళ్ళి నీళ్ళు పట్టింది. చిన్న వయసు మనిషి, అమ్మమ్మని పిన్నీ అని పిలిచేది. ఆ రోజు తీసుకెళ్ళింది పదిహేడో నంబరు సీసా. మడ్డి తెల్లగా దిగింది. ఆఫీసుకొచ్చి అంకె కడితే సున్నా.

ఇక్కడ్నుంచి ఆఫీసులో జరిగింది నేను చూడలేదు. కొంత అమ్మమ్మ చెప్పింది, కొంత కెమిస్టు చెప్పింది. ఇద్దరి మాటా కలవని చోట నాకు బాగా నచ్చింది రాశాను.

పెద్దసారు అమ్మమ్మని గదిలోకి పిలిచాడు. ఆయన ఆ ఆఫీసుకి వచ్చి ఆరు నెలలైంది. చెడ్డవాడేమీ కాదు, కాగితాలు బల్ల మీద నిలవుంటే నిద్ర పట్టని రకం.

"ఏమ్మా, పదిహేడు నువ్వేనా కడిగింది?"

"పదిహేడూ నేనే, పదహారూ నేనే సార్. ముప్ఫై ఏళ్ళుగా అన్నీ నేనే."

"సున్నా వచ్చింది."

"వాగులో ఏదుంటే అదే వస్తుంది సార్."

"పాత పరీక్ష తాలూకు హైపో సీసాలో మిగిలిపోయినా సున్నా వస్తుంది. నీకు తెలీదులే."

హైపో అంటే అమ్మమ్మ భాషలో రంగు తినేది.

"తెలుసు సార్. అది మిగిలితే మడ్డి ముందు గోధుమరంగులోనే దిగుతుంది. మంటది పోశాక రంగు పోతుంది. ఇది ఒడ్డు మీదే తెల్లగా దిగింది."

సారు కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. తర్వాత గొంతు మెత్తబడింది.

"చూడమ్మా. ఫ్యాక్టరీ వాళ్ళు శుక్రవారం కాగితం కోసం వస్తారు. సీసాల పుస్తకంలో ఒక్క వాక్యం రాయి. పదిహేడో సీసా సరిగా కడగలేదు అని. ఈ అంకె కొట్టేసి మళ్ళీ పరీక్ష పెట్టుకుంటాం. నీ మీద ఈగ వాలనివ్వను. నాలుగు నెలల్లో హాయిగా ఇంటికెళ్తావు."

"మళ్ళీ పరీక్ష పెట్టుకోండి సార్. వంద పెట్టుకోండి, వంద సీసాలు కడిగి ఇస్తాను. ఆ వాక్యం మాత్రం రాయను."

"ఒక్క వాక్యమేనమ్మా."

"అందుకే సార్. ఒక్కటే ఉంటుంది కాబట్టి అందరూ చదువుతారు."

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది మాత్రం నేను కళ్ళారా చూశాను. అమ్మమ్మ విషయం చెప్పగానే తాతయ్య కంచం ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండో గొట్టం వస్తే రెండో షిఫ్టు వస్తుంది. అందులో మా నాన్నకి చోటిప్పిస్తానని సూపర్‌వైజరు తాతయ్యకి మాటిచ్చాడు. నాన్న అప్పటికి ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు.

"నాలుగు ముక్కలు రాస్తే నీ చెయ్యి అరిగిపోతుందా?" అన్నాడు తాతయ్య.

"కడిగీ కడిగీ ఇప్పటికే అరిగింది."

"అల్లుడి మొహం చూడు."

"నన్ను మధ్యలోకి లాగకండి మావయ్యా" అని నాన్న మొహం కంచంలోకి దించేశాడు.

"నీకు ఇంట్లో మనుషుల కంటే ఆ సీసాలే ఎక్కువైపోయాయి."

"సీసా ఎప్పుడూ గురక పెట్టలేదు" అంది అమ్మమ్మ. నేను నవ్వాను. తాతయ్య నవ్వలేదు. అప్పుడు అమ్మమ్మ కూడా నవ్వు మానేసి చెప్పింది. "ఇది ఒక్క సీసా సంగతి కాదయ్యా. పదిహేడు సరిగా కడగలేదని నా చేత్తో నేను రాస్తే, పదహారు ఎలా కడిగావు అంటారు. పోయినేడాది ఎలా కడిగావు అంటారు. ముప్ఫై ఏళ్ళ పుస్తకాలు అల్మారాలో ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం వాటన్నిట్లోకీ చెదపురుగులా పాకుతుంది. అప్పుడు ఈ ఊళ్ళో ఏ నీళ్ళు మంచివో, ఏవి చెడ్డవో చెప్పడానికి ఇంకేం మిగుల్తుంది?"

తాతయ్య చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆయనకి ఏం కావాలన్నా గోడతో చెప్పాడు. "కాస్త టీ ఉంటే బాగుండు" అని గోడతో అంటే, టీ అమ్మమ్మ చేతుల్లోంచి వచ్చేది. గోడకి ఈ జన్మలో దక్కిన గౌరవం అదే.

బుధవారం పెద్దసారు రెండో పరీక్ష పెట్టించాడు. ఈసారి కెమిస్టుని పంపకుండా, నీళ్ళు పట్టుకు రమ్మని బండి డ్రైవర్‌ని పంపాడు. డ్రైవర్ పాపం మంచివాడు. వంతెన మీద బండి ఆపి, తాడు కట్టిన బకెట్టు కిందికి వదిలి, నీళ్ళు తోడి, దబదబా సీసాలో పోశాడు. గతుకుల రోడ్డు మీద ముప్పావు గంట కుదిపి కుదిపి ఆఫీసుకి తెచ్చాడు. అంకె కట్టమని కెమిస్టుకి హుకుం. నాలుగు పాయింటు రెండు వచ్చింది. పెద్దసారు మొహం వెలిగిపోయింది.

అమ్మమ్మ ఆ సీసా చూసింది. మెడ కింద పావు వంతు ఖాళీ.

"దీన్నెలా నింపావు బాబూ?"

"బకెట్టుతో పిన్నీ. నిండా పోస్తే దారిలో ఒలుకుతుందని కాస్త వెలితిగా పోశాను. బండి పాడు చెయ్యొద్దని మీరే కదా ఎప్పుడూ సాధిస్తారు."

అమ్మమ్మకి కోపం రావాల్సిన చోట నవ్వొచ్చిందట. చచ్చిపోయిన నీళ్ళకి ఇతను ముప్పావు గంట సేపు ఊపిరి పోస్తూ వచ్చాడు. సీసాలో ఉన్న గాలంతా కుదుపుకి నీళ్ళలోకి ఎక్కింది. వాగు దగ్గర లేని గాలి ఆఫీసుకొచ్చేసరికి నాలుగూ రెండు అయింది.

గురువారం పొద్దున్నే పెద్దసారు సీసాల పుస్తకం తెప్పించాడు. గదిలో కెమిస్టు ఉంది, డ్రైవర్ ఉన్నాడు.

"చూశావా అమ్మా. వాగులో గాలి ఉంది. నిన్నటి సీసా శుభ్రం కాబట్టి కనపడింది. అంటే పదిహేడు మురికనేగా. రాసెయ్యి."

"నిన్నటి సీసాలో బుడగుంది సార్. గోడ మీద రాసి ఉంది, చెల్లదని. నేను దానికి సంతకం పెట్టను."

"నీ పని కడగడం. పరీక్ష సంగతి నీకెందుకు?"

"కడిగింది ఎందుకో తెలియకుండా ముప్ఫై ఏళ్ళు ఎలా కడుగుతాను సార్?"

కెమిస్టు అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది. మెల్లగా తలెత్తి, "బుడగున్న అంకె మీద నేను కూడా పెట్టలేను సార్" అంది. ఆ మాట అన్నాక తన కాళ్ళు వణికాయని నాతో చెప్పింది. అమ్మమ్మనడిగితే, వణికింది కాళ్ళు కాదు, ఆ బల్లకి ఒక కోడు పొట్టి అంది.

పెద్దసారుకి చెవులు ఎర్రబడ్డాయి. "సోమవారం నుంచి నువ్వు వెనక షెడ్డులో ఉంటావు. పగిలిన సామాను లెక్క రాసుకో. సీసాలు ఇంకొకరు కడుగుతారు."

"సోమవారం కదా సార్. ఇవాళ గురువారం. రేపటిదాకా సీసాలు నావే." అమ్మమ్మ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "రేపు ఫ్యాక్టరీ ఆయన ఎలాగూ వస్తున్నాడు. వాగు ఒడ్డునే తేల్చేద్దాం. నేను కడిగిన పదిహేడులో వాగు నీళ్ళు పట్టొద్దు, మన కుళాయి నీళ్ళు పడదాం. నా సీసా మురికైతే కుళాయి నీళ్ళకి కూడా సున్నా రావాలి కదా. వాగు నీళ్ళు మాత్రం మీరు కడిగిన సీసాలో పడదాం."

"నేను కడగడమేంటి?"

"మీకు చేతకాదంటే వేరే మాట."

డ్రైవర్‌కి దగ్గొచ్చి బయటికి వెళ్ళిపోయాడు. కెమిస్టు కిటికీ వైపు తిరిగింది. ముగ్గురి ముందు చేతకాదని ఒప్పుకునే పెద్దసారు ఇంకా పుట్టలేదు.

శుక్రవారం పొద్దున ఆయన చొక్కా చేతులు మడిచి సింకు ముందు నిలబడ్డాడు. చేతికి ఇరవై ఒకటో నంబరు సీసా ఇచ్చారు. అమ్మమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ సింకు దగ్గర ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. బ్రష్షు ఎంత లోపలికి పోవాలో, మంటది ఎంత పోయాలో చెప్తూ, ఒక్కో కడుగూ పైకి లెక్కపెట్టింది. రెండయ్యాక ఆయన సీసా పక్కన పెట్టబోయాడు.

"ఇంకా ఉన్నాయి సార్."

చివర్న వెలుతురుకి ఎత్తి చూపించమంది. ఒక పక్క మూడు చుక్కలు నిలిచాయి.

"మళ్ళీ మొదట్నుంచి సార్."

మూడో విడతకి ఆయన సీసా మీద నీళ్ళు పొరలా జారిపోయాయి. "ఇది శుభ్రం" అని అమ్మమ్మ ఒప్పుకుంది. సీసాల పుస్తకంలో ఇరవై ఒకటికి ఎదురుగా పెద్దసారు చేత సంతకం పెట్టించింది. అప్పటికి ఆ పుస్తకంలో ఆవిడది కాని సంతకం అదొక్కటే.

వాగు మా వీధి వెనకే కాబట్టి మిగతాది నేనూ చూశాను. తాతయ్య ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్తానని చెప్పి, గట్టు మీద దూరంగా, తనకేమీ సంబంధం లేనట్టు నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మేనేజరు కూడా వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ రుమాల్లోంచే మాట్లాడాడు.

"మా నీళ్ళలో ఒక్క బొట్టు విషం లేదమ్మా. దుంప కడిగిన నీళ్ళు. అది మనుషులు తినే పిండి."

"నిజమే బాబూ. తినే పిండే" అంది అమ్మమ్మ, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటూ. "తినేది కాబట్టే తినేవాళ్ళు దిగారు. కంటికి కనపడని పురుగులు, కోట్లలో. మీరు పెడుతూనే ఉన్నారు, అవి తింటూనే ఉన్నాయి. తినేవాడు ఊపిరి కూడా పీలుస్తాడు కదా. నీళ్ళలో ఉన్న గాలంతా అవే పీల్చేశాయి. ఇంక చేపలకేం మిగుల్తుంది? గాలి అయిపోయాక, గాలి అక్కర్లేని రకం పురుగులు దిగాయి. వాటి కంపే మీ రుమాల్లోకి వస్తోంది. విషం పోసినవాణ్ణి పట్టుకోవడం సులువు. భోజనం పెట్టి చంపేవాణ్ణి పట్టుకోవడమే కష్టం."

మేనేజరు రుమాలు కొంచెం కిందికి దిగి మళ్ళీ పైకెళ్ళింది.

ముందు పదిహేడు. ఆఫీసు కుళాయి దగ్గర బుడగ లేకుండా పట్టి తెచ్చిన నీళ్ళు. కెమిస్టు గులాబీది వేసింది, జారుడుది వేసింది, బిరడా పెట్టి తలకిందులుగా తిప్పింది. మడ్డి గోధుమరంగులో, ముద్దగా, దర్జాగా దిగింది. అమ్మమ్మ దాని వైపు చూడను కూడా లేదు. ఎలా వస్తుందో ఆవిడకి ముందే తెలుసు.

తర్వాత ఇరవై ఒకటి. అమ్మమ్మ మోకాళ్ళ లోతు నల్లటి నీళ్ళలోకి దిగింది. సీసాని నీళ్ళలో ముంచి, ఏటవాలుగా పట్టి, చంటిపిల్లకి నీళ్ళు పోసినంత నిదానంగా నింపింది. లోపలే బిరడా పెట్టి పైకి తీసింది. బుడగ లేదు. ఎండకి ఎత్తి పెద్దసారుకీ మేనేజరుకీ చూపించింది. మందులు వేశాక తిప్పమని సీసాని పెద్దసారు చేతికే ఇచ్చింది.

ఆయన తిప్పాడు. మడ్డి తెల్లగా పుట్టింది. ఇంకోసారి తిప్పాడు. తెల్లగానే ఉంది. పోనీ ఇప్పుడైనా అన్నట్టు గట్టిగా ఊపి, ఎండకి పట్టుకుని, చాలాసేపు చూశాడు. సున్నం కలిపినట్టు, తెల్లగా, అడుగుకి దిగుతోంది.

అమ్మమ్మ నీళ్ళలోంచి ఇంకా బయటికి రాలేదు. అక్కడి నుంచే అడిగింది.

"ఆ సీసా ఎవరు కడిగారు సార్?"

ఆయన సీసా వైపు చూశాడు. పుస్తకం వైపు చూశాడు.

"నేనే" అన్నాడు.

గట్టు మీద తాతయ్య అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వాడో, దగ్గాడో ఎప్పుడడిగినా చెప్పలేదు.

సోమవారం అమ్మమ్మని షెడ్డుకి పంపారు. అంకె అంకే, ఆర్డరు ఆర్డరే అన్నాడు పెద్దసారు. ఆఖరి నాలుగు నెలలూ ఆవిడ పగిలిన గాజు సామానులో కూర్చుని లెక్క రాసింది. కొత్తగా సీసాలు కడిగే మనిషి కెమిస్టుతో కలిసి రోజూ సాయంత్రం కడిగినవన్నీ బుట్టలో పెట్టుకుని షెడ్డు గుమ్మానికి తెచ్చేది. అమ్మమ్మ ఒక్కోదాన్నే వెలుతురుకి ఎత్తి, "ఇది", "ఇది కాదు" అని వేరుచేసేది. పుస్తకంలో ఆవిడ సంతకం లేదు. ఆఫీసులో అందరూ దాన్ని సీసాలమ్మ పుస్తకమనే అంటూ వచ్చారు.

పదిహేడో నంబరు అంకె కొట్టేయలేదు. కాగితం ఇవ్వలేదు. రెండో గొట్టం రాలేదు, రెండో షిఫ్టు రాలేదు, మా నాన్నకి అందులో చోటు రాలేదు. ఆయనకి వేరే పని దొరకడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో ఒక్కళ్ళం కూడా అమ్మమ్మని ఏమీ అనలేదని రాస్తే అది ఈ కథలో అన్నిటికన్నా పెద్ద కోత అవుతుంది. అన్నాం. నేను కూడా అన్నాను. ఆవిడ వినేది, పని చేసుకునేది. తప్పు చేశానని ఒక్కసారి కూడా అనలేదు.

తర్వాత ఫ్యాక్టరీ వాళ్ళు రెండు చెరువులు తవ్వి, పిండి నీళ్ళని వాటిలో కొన్నాళ్ళు నిలవుంచి, ఆ పురుగుల చేత అక్కడే తినిపించి, అప్పుడు వదలడం మొదలెట్టారు. వాగు బాగుపడిపోయిందని నేను చెప్పను. ఇప్పటికీ దాంట్లో కాలు పెడితే మళ్ళీ కాలు కడుక్కోవాలి. కానీ పోయిన నెల కెమిస్టు వచ్చి, మూడు వచ్చింది పిన్నీ, మడ్డి లేత గోధుమరంగులో దిగింది అని చెప్పి వెళ్ళింది. మూడు అంటే నేను పరీక్షలో తెచ్చుకున్న మార్కుల్లా ఉంది. అమ్మమ్మ మాత్రం ఆ రోజంతా పాటలు పాడుతూ తిరిగింది.

ఇంకో సంగతి. వాగు ఒడ్డున పరీక్ష జరిగిన తర్వాతి ఆదివారం, అమ్మమ్మ లేచేసరికే వీధి తలుపు గడియ తళతళలాడుతోంది. తాతయ్య గుడ్డముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఈ గోడ బొత్తిగా మాట్లాడదు" అన్నాడు. అప్పట్నుంచి గడియ తోమడం ఆయన పని. ఇప్పుడది నల్లబడటానికి శనివారం దాకా పడుతోంది.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నది. గాలిని కడిగిన దగ్గర ఏమీ అనలేదు. చేపల ఓట్ల దగ్గర ఏమీ అనలేదు. పెద్దసారు "నేనే" అన్న దగ్గర పెదవి చివర కొంచెం కదిలింది. చదవడం అయిపోయింది. మెచ్చుకుంటుందేమోనని చూశాను. మెచ్చుకోలేదు. ఎలా ఉందమ్మమ్మా అని అడిగేశాను.

ఆవిడ కళ్ళు తెరిచి, నా పక్కన బల్ల మీద పొద్దుటి నుంచీ ఉన్న టీ గ్లాసుని చూసింది.

"నాలుగుసార్లు కాదే, ఆరుసార్లు. దిద్దు. దిద్ది, లేచి ఆ గ్లాసు కడుగు."